సీసం ఇడ్లీలు

నేను ఆస్ట్రేలియా వచ్చిన పదకొండో రోజున మా ఇంటి ఓనరుకి విషం పెట్టబోయాను. ఆయనొక్కడికే కాదు, నాకు కూడా. అంత శ్రద్ధగా, అంత ప్రేమగా ఎవరూ ఎవరికీ విషం పెట్టి ఉండరు.

చదువు కోసం మెల్‌బోర్న్ చేరి, ఊరి శివార్లలో క్రాన్‌బర్న్‌లో ఒక పెద్దాయన ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. ముత్తాతలు చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఈయన పంతొమ్మిది వందల ఎనభై ఏడులో అక్కడ సైన్యం గద్దెనెక్కాక భార్యనీ కూతుర్నీ తీసుకుని ఇక్కడికి వచ్చి, పాతికేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి రెండేళ్ళయింది. కూతురు ఊరికి అవతలి కొసన పాయింట్ కుక్‌లో ఉంటుంది. ఆయన తెలుగు వింటే మొదట్లో నాకు నవ్వొచ్చేది. ముత్తాతలు ఓడలో మూటగట్టుకెళ్ళిన మాటలు కొన్ని, ఫిజీ హిందీ కొంత, చాలని చోట ఇంగ్లీషు. వారం తిరిగేసరికి ఆ తెలుగు కోసమే హాల్లో కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ రోజు శనివారం. చీపురు కోసం పెరట్లో షెడ్‌లోకి వెళ్తే, బల్ల మీద ఇడ్లీ స్టాండు కనిపించింది. నాలుగు పళ్ళేల పాత అల్యూమినియం స్టాండు. నాకు ప్రాణం లేచొచ్చింది. పది రోజులుగా బ్రెడ్డూ నూడుల్సూ తిని నాలుక చచ్చిపోయి ఉన్నవాణ్ణి. గుంటల్లో బూడిద రంగు మరకలుంటే, వాడక అలా అయ్యాయనుకున్నాను. పీచు పెట్టి బరబరా తోమి, ఇండియన్ షాపుకి నడిచివెళ్ళి పిండి ప్యాకెట్ తెచ్చి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీదకి ఎక్కించాను. ఆయన వచ్చేసరికి వేడివేడిగా పెట్టి ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన.

ఆశ్చర్యపోయాడు. వంటింటి గుమ్మంలో ఆగిపోయి, గదినిండా ఉన్న ఆవిరిని చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత మూత తీసి లోపల ఏముందో చూసి కేకపెట్టాడు.

"ఏమి చేసినావురా నువ్వు! స్టాప్, స్టాప్! తిన్నావా? నోట్లో పెట్టినావా?"

"లేదంకుల్, ఇంకా ఉడకలేదు. మీక్కూడా పెడదామనే..."

"అందులో సీసము పోస్తాను నేను! లెడ్! పాయిజన్ అది!"

ఉడుకుతున్న గిన్నెని ఉన్నపళంగా బయటికి పట్టుకెళ్ళి పెరట్లో దించాడు. పిండి, తోమిన పీచు, గిన్నె, అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. నా చేతులు మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో కడిగించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక గది ఖాళీ చెయ్యమంటాడని పెట్టె ఎక్కడుందో కూడా చూసుకున్నాను. ఆయన మాత్రం వెళ్ళి వెనక మెట్టు మీద కూర్చున్నాడు.

"రెండేండ్లాయె ఆ స్టీము చూసి," అన్నాడు. "ఆంటీ ఉండాది లోపల అనుకొంటి."

ఆంటీ పోయాక ఆ స్టాండు కప్‌బోర్డులో ఖాళీగా పడి ఉండేదట. ఆయనకి ఇడ్లీ వెయ్యడం రాదు. కప్‌బోర్డు తెరిచినప్పుడల్లా అది కనిపించి బాధ. పారెయ్యడానికి చేతులు రాలేదు. అందుకని షెడ్‌లోకి తీసుకెళ్ళి, సీసం కరిగించి దాచుకునే అచ్చుగా పెట్టుకున్నాడు. "వారానికొకసారైనా దానికి పని ఉంటాది గదా," అన్నాడు.

మర్నాడు నన్ను పిలిచి, చెప్పులు విప్పించి, పాత బూట్లు తొడిగించి, కళ్ళకి పెద్ద అద్దాలు పెట్టి షెడ్‌లోకి తీసుకెళ్ళాడు. అప్పుడు తెలిసింది ఆయనకి తుపాకీ కాల్చే హాబీ ఉందని. లైసెన్సుంది, క్లబ్బుంది, కొన్ని ఆదివారాలు రేంజికి వెళ్ళి కాగితం మీద గీసిన వలయాలని కాలుస్తాడు. రైఫిల్ ఇంట్లో ఇనప బీరువాలో ఉంటుంది, తాళం ఆయన మొలతాడుకి ఉంటుంది. షెడ్‌లో జరిగేది మిగతా పని. గుండ్లు పోసుకోవడం, కాల్చేసిన తూటాల్ని మళ్ళీ నింపుకోవడం. షాపులో కొనుక్కోవచ్చు కదా అంటే, పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"షాపులో ఇడ్లీ కూడా దొరుకుతాది," అన్నాడు.

టైర్ల షాపులో చక్రాలకి బిగించే సీసం బరువులు పాతవి తీసి పడేస్తారు. అవి బకెట్టుతో తెచ్చుకునేవాడు. ఇనప కుండలో కాస్తే సీసం కరిగి అడుక్కి చేరుతుంది, ఉక్కు క్లిప్పులు పైకి తేలతాయి. వాటిని జల్లి గరిటెతో తీసేసి, కొవ్వొత్తి ముక్క ఒకటి అందులో వేసి కలుపుతాడు. మురికి నల్లగా పైకొస్తుంది. అది దేవేస్తే కింద తేటగా మెరుస్తూ ఉంటుంది సీసం. దాన్ని ఆంటీ ఇడ్లీ పళ్ళేల్లో పోసి చల్లారబెడతాడు. అలమర నిండా బూడిద రంగు ఇడ్లీలు, దొంతులు దొంతులుగా. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి లాగేది.

గుండ్లు కావలసినప్పుడు ఆ ఇడ్లీల్ని మళ్ళీ కరిగించి, కర్ర పిడులున్న చిన్న అచ్చులో పోస్తాడు. అయిదు లెక్కపెట్టి, పైనున్న రేకుని కర్రతో టక్కున కొట్టి, అచ్చు తెరిస్తే మడతపెట్టిన తువ్వాలు మీద రెండు గుండ్లు పడతాయి. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలొస్తాయి. మరీ కాలిపోతే పాలిపోయినట్టు తెల్లబడుతుంది. రెండూ పనికిరావు, మళ్ళీ కుండలోకే. "ఇందులో ఇదొక మంచిది," అనేవాడు, "తప్పు చేస్తే మళ్ళీ కరిగించేది. మనిషికి లేదు ఈ చాన్సు."

గుండు సిద్ధమయ్యాక మరో రోజు తూటా పని. అది షెడ్‌లో అవతలి మూల, పొయ్యికి దూరంగా. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని సరిచేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ కొత్తది బిగించి, తూచి మందు పోసి, మూతి మీద గుండు కూర్చోబెట్టాలి. ఆ పని చేసేటప్పుడు రేడియో కట్టేసేవాడు. నేను తుమ్మినా ఒప్పుకునేవాడు కాదు. మందు పోసిన గొట్టాలన్నీ చెక్క పలకలో నిలబెట్టి, ఒక్కొక్క దాంట్లోకీ టార్చి వేసి చూసేవాడు. "రెండు మాట్లు పోస్తే చెయ్యి పోతాది. పొయ్యకుంటే గుండు గన్నులో ఇరుక్కుంటాది. మాటలు తరువాత," అనేవాడు. ఆ పని ఎప్పుడూ నన్ను ముట్టుకోనివ్వలేదు, నేనూ అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకు తుపాకీ మీద ఇష్టం లేదు. ఒకసారి రేంజికి తీసుకెళ్తే, చెవులకి మూతలు పెట్టుకుని కూడా ప్రతి మోతకీ ఉలిక్కిపడుతూ కూర్చున్నాను. నన్ను ఆ షెడ్‌కి కట్టిపడేసింది వేరే ఉంది. మొదటి రోజు కొవ్వొత్తి ముక్క పడి పొగ లేచి, వేడెక్కిన లోహం వాసన ముక్కుకి తగలగానే నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాను.

మా నాన్న కంసాలి. కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో, ఇంటి ముందు గదిలోనే ఆయన కుంపటి, పట్టెడ, సుత్తులు. నా చిన్నతనమంతా ఆ గదిలో బొగ్గు వాసనలో గడిచింది. కానీ ఆయన నన్ను పనిలోకి రానివ్వలేదు. కరిగిన బంగారాన్ని మూసలోంచి అచ్చులోకి వంచే ఆ ఒక్క క్షణం చూడటానికి నేను బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. ఒక్కసారి పోస్తా నాన్నా అంటే, "నీకెందుకురా ఈ పొగ, పోయి చదువుకో," అనేవాడు. నాకు వదిలింది రెండే పనులు. సాయంత్రం గది ఊడ్చడం, ఊడ్చిన మట్టిని మూకుడులో వేసి నీళ్ళతో కడగడం. మట్టి పోయి, అడుగున రజను మిగులుతుంది. ఆకురాయితో రాసినప్పుడు రాలిన బంగారం పొడి అది. అది ఆయనకిచ్చేస్తే నా పని అయిపోయేది. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, చిన్న బ్రష్షుతో అరికాళ్ళు పళ్ళెంలోకి దులుపుకోవాలి. చుట్టాలొచ్చినా సరే, ఆ గది తొక్కినవాడు కాళ్ళు దులుపుకోకుండా బయటికి రాకూడదు.

నేను ఇంజనీరింగు మూడో ఏడులో ఉండగా నాన్న పోయాడు. అప్పటికే పనులు తగ్గిపోయాయి. జనం పట్నం షాపుల్లో తయారుగా దొరికే నగలకి మరిగారు. ఆయన పనిముట్లని పక్క ఊరి కంసాలికి నేనే చేతులారా ఇచ్చేశాను. వాడేవాళ్ళెవరు అనుకున్నాను. తర్వాత మట్టి కడిగేవాళ్ళొచ్చారు. కంసాలి కూర్చున్న చోట నేల కొనుక్కుని తవ్వుకెళ్తారు, అందులో ఏళ్ళ తరబడి ఇంకిన రజను ఉంటుందని. నాన్న ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోట జానెడు లోతు గీకి, గోనెల్లో ఎత్తుకుని పోయారు. జీవితమంతా ఊరందరికీ నగలు చేసిన మనిషి ఇంట్లో ఆయన చేతి పని ఒక్కటీ మిగల్లేదు. చివరికి ఆయన కూర్చున్న నేల కూడా లేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నాను. ఊరుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఇదంతా అంకుల్‌కి చెప్పలేదు. అక్కడ నేను ఐటీ చదువుకునే కుర్రాణ్ణి, అంతే. కంసాలి కొడుకునని దాచాలని కాదు. చెప్పడం మొదలుపెడితే ఆగనని భయం.

కానీ కాళ్ళు చెప్పేశాయి. మొదటి రోజు షెడ్ నుంచి బయటికి వస్తూ, నాకు తెలియకుండానే బూట్లు విప్పి, పక్కనున్న బ్రష్షు తీసుకుని, ఒక రేకు ట్రేలోకి అడుగులు దులపడం మొదలుపెట్టాను.

"బూటుకి కూడా స్నానమా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడాయన.

ఆయనకీ ఒక నియమముంది. షెడ్ బూట్లు షెడ్‌లోనే ఉండాలి, ఇంట్లోకి రాకూడదు. సీసం దుమ్ము ఇంట్లోకి వస్తే విషం. మా ఇంట్లో బంగారం బయటికి పోకూడదని దులిపేవాళ్ళం, ఇక్కడ సీసం లోపలికి రాకూడదని విప్పుతున్నాం. నాకు మాత్రం రెండు గుమ్మాలూ ఒకటే అనిపించింది.

ఆరు నెలలు పక్కన కూర్చుని చూశాను. శనివారం యూనివర్సిటీకి వెళ్ళే పనున్నా మానేసి, ఆ మధ్యాహ్నం మొత్తం ఆయన పక్కనే. ఆ వసంతంలో ఒకరోజు ఆయన ఉన్నట్టుండి గరిటె నా వైపు తిప్పాడు.

"నువ్వు పొయ్యి."

మొదటి గరిటె సగం అచ్చు పక్కన పోశాను. రెండోది పోశాను. అయిదు లెక్కపెట్టి, కర్రతో కొట్టి, తెరిచాను. రెండు గుండ్లూ ముడతలే. ఆయన వాటిని వేలితో దొర్లించి చూసి, కుండలోకి వేసేసి, "మళ్ళీ," అన్నాడు. పదోసారో పన్నెండోసారో నున్నటిది ఒకటి పడింది. ఒకటి దాచుకుంటానని అడిగాను. ఒప్పుకోలేదు. లైసెన్సు లేనివాడి గదిలో గుండు కనపడితే నాకూ ఆయనకీ తలనొప్పి. "గేటు దాటకూడదు," అన్నాడు. నాకు దిగులేసింది. ఇక్కడ కూడా నేను చేసింది నాకు మిగలదన్నమాట. అయినా పోయనిచ్చాడు. ఆ రాత్రి నాన్నతో మాట్లాడాలని ఎంత కొట్టుకులాడానో చెప్పలేను.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. మరుసటి చలికాలం, అంటే ఇక్కడ జూన్. ఆయన పుట్టినరోజు వస్తోంది, ఏదైనా చెయ్యాలనిపించింది. షెడ్ నేల మీద, బెంచీల కింద సీసం తుంపులు, రాలిన పొడి బోలెడు పడి ఉండేవి. ఆయన వాటిని ఊడ్చి, డబ్బాలో మూతపెట్టి పక్కన పడేసేవాడు. నాకది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. కంసాలి ఇంట్లో పుట్టినవాడికి నేల మీద లోహం వదిలెయ్యడం చేతకాదు. ఆయన లేనప్పుడు ఆ డబ్బాలోదంతా తీసి, పాత మూకుడులో వేసి, మా ఇంట్లోలాగే కడిగాను. మట్టి పోయింది. అడుగున బూడిద రంగు పొడి, చారెడు మిగిలింది. సీసం రజను! గర్వంతో నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శనివారం కుండ కాగుతోంది. ఆయన వెనక్కి తిరిగి చేతి తొడుగులు విప్పి, అచ్చు తుడుస్తున్నాడు. నేను ఆ మూకుడు తెచ్చి, ఒక్క దెబ్బతో కుండలోకి వంచాను.

పైన ఆరినట్టే ఉంది. లోపల తడి ఉంది. ఆ తడి కరిగిన సీసం కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరైంది. ఢామ్మని పేలి, సీసం కప్పు దాకా ఎగజిమ్మింది. కుండ సుయ్యిమనగానే ఇటు తిరిగిన ఆయన, పేలే లోపే నా కాలరు పట్టి వెనక్కి లాగాడు. అడ్డం పెట్టిన ఆయన కుడి చేతి మీద, మణికట్టు నుంచి వేళ్ళ దాకా వెండి చుక్కలు అంటుకున్నాయి. నా ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు.

చేతిని కుళాయి కింద పెట్టుకుని, పళ్ళు బిగించి అడిగాడు. "ఏమి వేసినావు అందులో?"

"చెత్త," అన్నాను. రజను అంటే నాన్న దగ్గర్నుంచి చెప్పుకురావాలి. "నేల మీది చెత్త."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపమున్నా బాగుండేది. నేను ఆటకి చేశాననుకున్నాడు. తనకి ఆంటీ జ్ఞాపకమైన ఆ పనిని నేను ఆటగా తీసుకున్నాననుకున్నాడు.

"షెడ్‌లోకి ఇంక రావొద్దు. బస్," అన్నాడు.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. కట్టు మార్చింది నేనే, వండిపెట్టింది నేనే. ఆయన మంచిగానే మాట్లాడేవాడు, క్రికెట్ గురించి, వాన గురించి. షెడ్ మాట మాత్రం లేదు. రెండు నెలలు షెడ్ తలుపు తెరుచుకోలేదు. తర్వాత ఒక శనివారం నా గదిలో పుస్తకం ముందు కూర్చుని ఉండగా వినిపించింది, రేకు మీద కర్ర టక్కున పడిన చప్పుడు. మళ్ళీ టక్కు. మునుపటి కంటే నెమ్మదిగా, చెయ్యి ఇంకా పూర్తిగా మాననట్టు. నేను పుస్తకం మూసేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. అయిదంగల పెరడు. అది దాటి వెళ్ళలేకపోవడం ఇంత బాధ పెడుతుందని నేననుకోలేదు. పనిలోంచి నన్ను తరిమేసింది ఇది రెండోసారి. మొదటిసారి ప్రేమతో తరిమారు, ఈసారి నా తప్పుతో. ప్రతి శనివారం ఆ చప్పుడు విన్నాను. వెళ్ళి చెప్పేస్తే పోయేదని ప్రతిసారీ అనుకున్నాను. వెళ్ళలేదు. నా మొండితనం సంగతి మా అమ్మకి బాగా తెలుసు.

నా చదువు ఆఖరుకొచ్చింది. ఆ నవంబరులో ఆయన ఒక మాట చెప్పాడు. కూతురు పాయింట్ కుక్‌లో కొత్త ఇల్లు కట్టుకుంది, తనతో వచ్చెయ్యమంది. పసిపిల్ల పాకుతోంది ఆ ఇంట్లో. పాకే పిల్ల ఉన్నచోట సీసం పెట్టకూడదు. రైఫిల్‌ని క్లబ్బు స్నేహితుడికి రాసిచ్చేస్తున్నాడు. కుండ, అచ్చులు, మిగతావన్నీ కూడా వాళ్ళే తీసుకెళ్తారు.

"సామాను బయట పెట్టల్ల. హెల్ప్ చేస్తావా?" అన్నాడు. చెంగున లేచాను. షెడ్ గుమ్మం దాకా వెళ్ళాక, "నువ్వు అక్కడే నిలబడు. నేను లోపల నుంచి అందిస్తాను," అన్నాడు.

గుమ్మం బయట నిలబడ్డాను. గరిటె వచ్చింది. తీసుకుని గడ్డి మీద పెట్టాను. కర్ర పిడుల అచ్చు వచ్చింది. పెట్టాను. తర్వాత ఆయన ఎడం చేత్తో కుండ అందించాడు. నేను అందుకోలేకపోయాను. చేతులు ముందుకి రాలేదు. గుమ్మంలో నిలబడి పనిముట్లు ఒక్కొక్కటీ బయటికి పోతుంటే చూడటం నాకు ఒక్కసారి చాలు. చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాను.

"ఏమాయె? బాబూ, ఏమాయె నీకు?"

అప్పుడు చెప్పాను. నాన్న కంసాలి అని. గది ఊడ్చడం, మట్టి కడగడం నా పని అని. పనిముట్లు నేనే ఇచ్చేశానని. నేల కూడా తవ్వుకెళ్ళారని. "అది చెత్త కాదంకుల్. మా ఇంట్లో దాన్ని పారెయ్యరు. మీకు ఇద్దామని కడిగాను. ఊడ్చడం వచ్చు నాకు, కడగడం వచ్చు. ఆరబెట్టడం నాన్న చూసుకునేవాడు. అది నాకు ఎవరూ నేర్పలేదు."

ఆయన కుండని నేల మీద దించాడు. తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ చేతి మీద కాలిన మచ్చలు గులాబీ రంగులో ఉన్నాయి.

"మీ నాయన పొయ్యనిచ్చినాడా నిన్ను, ఎప్పుడైనా?"

"లేదు."

"ఒక్క దినము కూడా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన లోపలికెళ్ళి, మూల నుంచి చీపురు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బూట్లు వేసుకో. నీకు వచ్చిన పని నువ్వు చెయ్యి. రాని దానికి నేనుండాను."

షెడ్ అంతా ఊడ్చాను. బెంచీల కింద, అలమర వెనక, తలుపు సందుల్లో. పదిహేనేళ్ళ పొడి. పెరట్లో కూర్చుని మూకుడులో నీళ్ళు పోసి, నాన్న నేర్పినట్టు తిప్పి తిప్పి ఒక పాత తొట్టిలోకి ఒంపుతూ కడిగాను. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని, మణికట్టు తిరిగే తీరు చూస్తూ, "అచ్ఛా, అచ్ఛా," అంటూ ఉన్నాడు. అడుగున మిగిలిన పొడిని రేకు ట్రేలో పరిచి గోడ మీద ఎండలో పెట్టాం. మెల్‌బోర్న్ ఎండని నమ్మేదేముంది, మధ్యాహ్నానికి చినుకులు పడ్డాయి. ఆయన ట్రే పట్టుకుని పరిగెత్తాడు. మర్నాడు మళ్ళీ ఎండలో పెట్టాడు. గంటకోసారి పుల్లతో కలిపేవాడు, వడియాలు చూసుకున్నంత జాగ్రత్తగా. క్లబ్బు స్నేహితుడు కుండ కోసం ఫోన్ చేస్తే, "నెక్స్ట్ వీక్," అని పెట్టేశాడు. అయిదో రోజు ట్రేని ఖాళీ పొయ్యి మీద సన్న సెగన ఇంకో గంట వేడిచేసి, చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

శనివారం నా గది తలుపు తట్టాడు. "రా. ఎండినాది."

అలమరలో చివరికి మిగిలిన నాలుగు ఇడ్లీలు కుండలో కరుగుతున్నాయి. ఆయన నాకు తన తొడుగులిచ్చి, తన అద్దాలు పెట్టి, కుండ ముందు నన్ను కూర్చోబెట్టి, తను నా వెనక నిలబడ్డాడు. గరిటెతో ఆ పొడిని కొంచెం కొంచెంగా వెయ్యమన్నాడు. మొదటి చిటికెడు పడేటప్పుడు ఆయన చెయ్యి నా కాలరు మీద ఉంది. ఏమీ కాలేదు. మెల్లగా మునిగి, కరిగిపోయింది. కొవ్వొత్తి ముక్క వేశాను. పొగ లేచింది. నల్లటి మురికి దేవేశాను. కింద తేట.

ఆంటీ ఇడ్లీ పళ్ళేలు పెట్టాడు. పోశాను. ఒక్క చుక్క పక్కకి పోలేదు. నాలుగు గుంటలు నిండాయి, అయిదోది సగం నిండి కుండ అయిపోయింది. చల్లారాక ఆ సగం ఇడ్లీని బోర్లించి తీసి, గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చాడు.

"ఇది గుండు కాదు. గేటు దాటొచ్చు," అన్నాడు. "మీ ఇంట్లో ఏమీ మిగల్లేదు అంటివి గదా."

నా దగ్గర ఇప్పటికీ ఉంది అది. పిల్లల చేతికందకుండా రంగు వేసి, గాజు పెట్టెలో, పుస్తకాల అలమర పైన. చూసినవాళ్ళు ఇదేమిటని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెబుతాను. ఆయన పాయింట్ కుక్ వెళ్ళాక మూడేళ్ళు బతికాడు. నేను వెళ్ళినప్పుడల్లా, తెలుగులో అడిగినదానికి మనవరాలు ఇంగ్లీషులో జవాబు చెబుతూ ఉంటే, ఆయన నా వైపు చూసి కన్ను కొట్టేవాడు. షెడ్ గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయనకెంత బెంగగా ఉండేదో నాకు తెలుసు. ఆయనకీ నాది తెలుసు.

ఆ చివరి శనివారం పని అయ్యాక, కుండ చల్లార్చి, తలుపు దగ్గరకొచ్చాం. నేను బూట్లు విప్పి, బ్రష్షు తీసుకుని, అలవాటుగా అడుగులు రేకు ట్రేలోకి దులిపాను. ఈసారి ఆయన నవ్వలేదు. నా చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, తన బూటు విప్పి, అడుగు దులిపాడు. ట్రేలో ఏమీ రాలలేదు. అయినా రెండో బూటు కూడా విప్పి దులిపాడు.